మా పార్కు తిరుగుడు గేటు గారికి

మహారాజశ్రీ తిరుగుడు గేటు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగా ఉన్నారని ఈ సాయంత్రం యాభై నిమిషాలు ఎదురుగా కూర్చుని కళ్లారా చూశాను. నా క్షేమం ఎలా ఉందో తమరూ చూశారు.

జరిగినదంతా తమరి చేతుల మధ్యే జరిగింది, మళ్లీ చెప్పక్కర్లేదు. కానీ తమరివి నాలుగు చేతులు, నాకు పనిచేసేది ఒకటి. అందుకని నా వైపు నుంచి ఎలా కనబడిందో కూడా రాసుకుంటున్నాను. మూడు వీధుల దూరానికి ఆటోకి నలభై రూపాయలిచ్చి దిగాను. పక్షవాతం వచ్చిన ఈ ఎనిమిది నెలల్లో తోడు లేకుండా గడప దాటడం ఇదే మొదలు. మా అమ్మాయికి చెప్పలేదు, చెబితే రానివ్వదు. కర్ర, ఎడమ, కుడి. ఫిజియో నేర్పిన వరస అది. కర్ర లోపలికి పెట్టాను, సరే. ఎడమకాలు ఈడ్చి పెట్టాను, సరే. ఇక తమరు తిరగాలి. తిరగలేదు. నా కర్రకున్న నాలుగు కాళ్లలో ఒకటి తమరి అడుగు కమ్మీలో ఇరుక్కుంది. ముందు ఒక చేయి, వెనక ఒక చేయి, మధ్యలో నేను. వెనక్కి నడవడం ఇంకా నా సిలబస్‌లోకి రాలేదు. అలా పంజరంలో చిలకలా నిలబడి ఉంటే, లోపలి నుంచి వస్తున్న ఒకాయన "అమ్మా, కాస్త జరుగుతారా?" అన్నాడు. జరగడం అంత తేలికైతే ఈ పార్కుకి ఎందుకొస్తాను నాయనా!

చివరికి ఐస్‌క్రీం బండి కుర్రాడు పరుగెత్తుకొచ్చి, కర్ర ఊడదీసి, నన్ను వెనక్కి లాగాడు. పాపం, మంచిచేయి వదిలేసి జబ్బుచేయి పట్టుకుని లాగాడు. వాడికేం తెలుసు. రాత్రి భుజానికి కాపడం పెట్టుకుంటూ ఇది రాస్తున్నాను.

పెద్ద గేటు ఉంది కదా అంటారేమో. ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంది. వాచ్‌మన్ టీకి వెళ్లాడు.

తమరిని ఎందుకు నిలబెట్టారో పక్కన బోర్డు మీద రాసి ఉంది: ద్విచక్ర వాహనములు, పశువులు లోనికి రాకుండుటకు. చాలా బాగుంది. గట్టు మీద కూర్చున్న ఆ యాభై నిమిషాల్లో నాకు వేరే పనేం లేదు కాబట్టి లెక్కపెట్టాను. వెనక ప్రహరీ కూలిన చోటు నుంచి రెండు స్కూటీలు లోపలికి వెళ్లాయి. ఒక మేక తమరి కింద నుంచే, తల వంచుకుని, మర్యాదగా దూరింది. దాని వెనక దాని పిల్ల. కుక్కల సంగతి వదిలేయండి, అవి అక్కడే కాపురం ఉంటాయి. ఇవాళ తమరు ఆపగలిగింది ఎవరినయ్యా అంటే, ఇరవై ఆరేళ్లు లెక్కల టీచరుగా చేసి, ఇప్పుడు సున్నా నుంచి నడక నేర్చుకుంటున్న నన్నొక్కదాన్నే.

సంచిలో టేపు ఉంది. ఎందుకుందంటే, పాదం వాలిపోకుండా వేసుకునే ప్లాస్టిక్ స్ప్లింట్ మీద మామూలు బూటు పట్టదు. ఎడమకాలికి ఒక సైజు పెద్దది కావాలి. ఏ కొట్టువాడూ ఆరో నంబరు ఒకటి, ఏడో నంబరు ఒకటి కలిపి జతగా ఇవ్వడు. రెండు జతలు కొని రెండు బూట్లు అటక మీద పడేశాను. ఆ కొలతల టేపే ఇవాళ తమరికీ పనికొచ్చింది. రెండో కొస ఐస్‌క్రీం కుర్రాడు పట్టుకున్నాడు. తమరి చేతుల మధ్య మనిషి పట్టే చోటు నలభై నాలుగు సెంటీమీటర్లు. చక్రాల కుర్చీ సాఫీగా పోవాలంటే తొంభై సెంటీమీటర్ల దారి వదలాలి. మూడో తరగతి పిల్లాడికిచ్చినా చేసే తీసివేత ఇది.

తమాషా ఏమిటంటే, లోపల ర్యాంపు ఉంది! కమ్మీల సందులోంచి కనబడుతుంది. నీలం బోర్డు, దాని మీద తెల్లటి చక్రాల కుర్చీ బొమ్మ, పక్కన స్టీలు రైలింగు. పన్నెండు అడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు, వాలు కూడా సరిగ్గానే ఉన్నట్టుంది. దాని దగ్గరికి వెళ్లాలంటే ముందు తమరిని దాటాలి. ఇంత కష్టపడి లోపల ర్యాంపు కట్టి, బయట తమరిని కాపలా పెట్టిన ఆ మహానుభావుడెవరో గానీ, నా క్లాసులో ఉండుంటే బెంచీ ఎక్కించేదాన్ని.

ఇక మిగతావాళ్లు. వాళ్లతో నాకు పేచీ తక్కువే. పావురం రక్తం రాయమన్న పెద్దత్తయ్య, "ఈ వయసులో నడకలెందుకు, రెస్టు తీసుకో వదినా" అనే మరిది, రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగుతో పాటు ఒక కొత్త కషాయం పంపే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, అందరికీ నమస్కారం. ఫ్రిజ్ మీద అంటించిన ఎక్సర్‌సైజుల కాగితంలోని పుల్లబొమ్మ మనిషికి ప్రత్యేక నమస్కారం. వాడికి ఏ కాలైనా లేస్తుంది. పార్కులో కొత్తగా పెట్టిన ఓపెన్ జిమ్ పసుపూ నీలం యంత్రాలకు కూడా. వాటి మీద పిల్లలు ఉయ్యాలలూగుతారు, పెద్దలు ఫోన్లు మాట్లాడుకుంటారు.

రోడ్డు మీద నడవొచ్చుగా అని తమరి తరఫున వాచ్‌మనే అన్నాడు, టీ తాగొచ్చాక. మా వీధి ఫుట్‌పాత్ మీద ముందు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, తర్వాత పునుగుల బండి ఉంది, తర్వాత ఫుట్‌పాత్ లేదు.

అయినా ఇంట్లో కూర్చుంటే పోయేదానికి నాకెందుకీ యాతన? ఎందుకంటే ఫిజియో సెంటర్ వాళ్లు ఆఖరి రోజు నా చేతిలో కాగితం పెట్టి "ఇక మా పని అయిపోయింది మేడం, మీ పని మొదలైంది" అన్నారు. వారానికి తక్కువలో తక్కువ నూటయాభై నిమిషాలు ఒళ్లు కదలాలట, ఒక్కసారిగా కుదరకపోతే పదేసి నిమిషాలైనా సరేనట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో మొదటిసారిగా నాలాంటి వైకల్యం ఉన్నవాళ్లకీ, దీర్ఘరోగాలున్నవాళ్లకీ ఇదే లెక్క చెప్పింది. మీరు వేరు, మీరు పడుకోండి అని చెప్పలేదు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో! నాలుగు రోజులు నడక మానేస్తే పిక్క రాయిలా బిగుసుకుపోతుంది, మడమ నేలకి ఆనదు, రాత్రి కాలు తనంతట తనే గుంజుకుంటుంది. ఇది కాగితంలో లేదు, నా మంచానికి తెలుసు.

అసలు తమరి మీద పడి ఏడవడం కూడా న్యాయం కాదనుకోండి. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి. అప్పటి నుంచి ఐదేళ్లలో ఉన్న ప్రజా భవనాలన్నీ అందరూ వాడుకునేలా మార్చాలన్నారు. ఆ ఐదేళ్లు 2022లో అయిపోయాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లు తిరిగి చూసి ఇచ్చిన నివేదిక చదివి, అందరూ వాడుకునేలా కట్టమనే ఈ ప్రమాణాలు ఇష్టముంటే పాటించే సలహాలు కావు, తప్పనిసరి నియమాలు చేయండి, మూడు నెలల గడువు అంది. అంత పెద్ద కోర్టు మాట మా వీధి దాకా రావాలంటే అదీ తమరిలోంచే దూరి రావాలి కాబోలు. మా దగ్గరైతే కిందటేడు ఒక పెద్దమనిషి దండలేయించుకుని "సంక్రాంతికల్లా పెద్ద గేటు పక్కన చిన్న తలుపు పెట్టిస్తానమ్మా" అన్నాడు. ఏ సంక్రాంతో అడక్కపోవడం నాదే తప్పు.

ఇంక ఈ తమరూ గిమరూ నావల్ల కాదు. వినవే గేటూ! నీ ముందు గట్టు మీద కూర్చుని నేను ఏడ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను, మేక చూసింది. ఆస్పత్రిలో ముక్కులో గొట్టం పెట్టినప్పుడు ఏడవలేదు, మా అమ్మాయి నాకు జడ వేసినప్పుడు ఏడవలేదు. నలభై నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఏడ్చాను. సదరం క్యాంపులో నా వైకల్యం ఇంత శాతమని రాసిచ్చారు. నీ ముందు నిలబడితే ఆ శాతం నూటికి నూరవుతుంది. అందులో నా వాటా ఎంత, నీ వాటా ఎంత, ఏ డాక్టరు రాస్తాడు?

ఏడుపయ్యాక ఏం చెయ్యాలో తోచలేదు. ఆటో రావడానికి ఇంకా టైముంది. లేచి, నీ పై కమ్మీ మీద కుడిచేయి వేశాను. సరిగ్గా నా నడుమెత్తు. ఫిజియో సెంటర్లో పట్టుకుని నడిచే జంట కమ్మీలు, పారలల్ బార్లు, కూడా ఇంతే ఎత్తు. కదిపి చూశాను, కదల్లేదు. ఎప్పుడో బేరింగు బిగుసుకుపోయి, ఎడమవైపు ఇనుము తుప్పు పట్టి ఉంది. నీదీ ఎడమవైపేనా! పట్టుకుని మడమలు లేపాను. పది. ఆగి, ఇంకో పది. పక్కకి అడుగులు, అటు నాలుగు, ఇటు నాలుగు. మోకాళ్లు వంచి లేవడం ఆరు. ఏడోది ఎగ్గొట్టాను, ఎవరికీ చెప్పకు. నువ్వు తిరిగే గేటువే అయ్యుంటే ఎప్పుడో బోర్లా పడేదాన్ని. ఫోన్లో చూస్తే పదకొండు నిమిషాలు. నూటయాభైలోంచి తీసేస్తే నూటముప్పై తొమ్మిది.

వాచ్‌మన్ వచ్చి "తాళం తియ్యనా అమ్మా?" అన్నాడు. చీకటి పడింది, వద్దన్నాను. రేపు ఐదున్నరకి వస్తాను, వాడు టీకి వెళ్లకముందే.

ఇట్లు,
బయటే ఉన్న ఒక పార్కు సభ్యురాలు

తా.క.: రేపు నా పై చొక్కా జేబులో కొబ్బరినూనె సీసా ఉంటుంది. అది నా భుజానికి. నీ బేరింగు జోలికి రాను, నాకు నువ్వు బిగుసుకునే ఉండాలి. పెద్ద గేటు తీశాక మాత్రం నీ మొహం చూడను.