నూరు కిలోమీటర్ల మహోత్సవానికి తమరెల్లరూ ఆహ్వానితులు

వెయ్యి పున్నములు చూసినవారికి సహస్ర చంద్ర దర్శనం చేయడం మన ఆచారం. అందుకు ఎనభై ఏళ్లకు పైబడి బతకాలి. షష్టిపూర్తికి కూడా, ఎంత తొందర ఉన్నవారైనా సరే, అరవై ఏళ్లు ఆగవలసిందే. అంత ఓపిక ఈ కాలంలో ఎవరికీ లేదని గ్రహించి, ఈ ఉత్సవాలన్నిటినీ ఏళ్ల లెక్క నుంచి కిలోమీటర్ల లెక్కకు మార్చి, ఏ వయసువారైనా రెండు నెలల్లో అన్నీ ముగించుకొనే వీలు కల్పించిన మహోపకారం కొత్తగా సైకిలు కొన్నవారిది.

కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంటులో అటువంటి మహానుభావుడు ఒకరున్నారు. అపార్ట్‌మెంట్లలో మనుషులకు పేర్లుండవు, ఫ్లాటు నంబర్లే ఉంటాయి కనుక వారిని 402 గారు అందాం. సైకిలు కొన్న వారంలోనే పది కిలోమీటర్లు తొక్కినట్టు వాట్సాప్ గ్రూపులో ప్రకటన వెలువడింది. పాతిక కిలోమీటర్లకు రజతోత్సవం, యాభైకి స్వర్ణోత్సవం, డెబ్బై అయిదుకు అమృతోత్సవం యథావిధిగా జరిగాయి. నూరు కిలోమీటర్ల ముహూర్తం పోయిన ఆదివారానికి ఖరారు కాగానే గేటుకు ఫ్లెక్సీ కట్టారు. అందులో 402 గారు హెల్మెటు, నల్ల కళ్లద్దాలు ధరించి, ఎన్నికల్లో గెలిచినవారి మాదిరిగా రెండు వేళ్లు చూపుతున్నారు. ఆయన ఇంకా బయలుదేరనైనా లేదన్న సంగతి ఫ్లెక్సీ వేయించిన కమిటీవారికి అడ్డం రాలేదు.

నూరు కిలోమీటర్లు తొక్కడం చిన్న విషయమని నేననను. అయితే ఆడాక్స్ అనే దూరాభారపు సైకిలు యాత్రల వ్యవహారం ఒకటుందనీ, అందులో అన్నిటికంటే చిన్న దూరమే 200 కిలోమీటర్లనీ, దాన్ని పదమూడున్నర గంటల్లో పూర్తి చేసినవారు చేతిలోని కార్డు మీద ముద్ర వేయించుకుని, ఎక్కడో ఒక హోటల్లో టీ తాగి ఇంటికి వెళ్లిపోతారనీ 402 గారికి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. 1891లో మొదలై నేటికీ నడుస్తున్న పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్రలో 1,200 కిలోమీటర్లను తొంభై గంటల్లో తొక్కుతారు. వారికి కేకు లేదు, ఫ్లెక్సీ అంతకంటే లేదు. పాపం, వారికి అపార్ట్‌మెంటు కమిటీ లేదు కాబోలు.

అసలు దూరం తొక్కితే సరిపోదు, అది స్ట్రావా అనే ఫోను యాప్‌లో నమోదు కావాలి. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి, తొక్కితే స్ట్రావా ఆన్ చేసి తొక్కాలి. 1952లో రాజ్యసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారని పెద్దలు చెబుతారు. ఎన్ని కిలోమీటర్లు తొక్కారో, సగటు వేగమెంతో, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో తెలిపే స్క్రీన్‌షాట్ ఒక్కటైనా ఆయన మిగల్చలేదు. పైగా ఆయన ఎక్కడికో ఒకచోటికి, ఏదో ఒక పని మీద వెళ్లారు. నేటి శాస్త్రం ప్రకారం అది సైక్లింగు కిందికి రాదు. పని ఉండి తొక్కితే అది ప్రయాణం. పనేమీ లేకుండా, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి, మధ్యలో ఒక్క పాల ప్యాకెట్టయినా తేకుండా తొక్కినదే అసలైన కిలోమీటరు.

ఇక మహోత్సవానికి వస్తాను. ఆదివారం తెల్లవారుజామున 402 గారి సైకిలును కారు వెనుక బిగించి, డ్రైవరు నార్సింగి చేర్చాడు. అక్కడ ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు ఉంది. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిన సౌర ఫలకాల కప్పు, ఆ ఫలకాల నుంచి 16 మెగావాట్ల విద్యుత్తు. ఆ నీడలో కొల్లూరు వైపు, పోలీసు అకాడమీ వైపు వారు కావలసినన్ని చుట్లు తిరిగి, ఘట్టం ఘనమైనది గనుక ఈసారి ఇంటిదాకా తొక్కుకుంటూనే వచ్చారు. వెనుక వారి కారు, లోపల డ్రైవరు తప్ప ఎవరూ లేకుండా, నాలుగు దీపాలూ మిణుకుమిణుకుమనిపిస్తూ నడిచింది. గేటు ముందు మేళం సిద్ధం, హారతి సిద్ధం, సైకిలు ఆకారంలో కేకు సిద్ధం. 402 గారు గేటు దగ్గర ఆగి మీటరు చూసుకున్నారు. 99.2.

హారతి పళ్లెం పట్టుకున్న వారి శ్రీమతి, "ఏవండీ, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి, మిగతాది రేపు తొక్కకూడదా?" అన్నారు. ఆ మాటకు ఆయన చూసిన చూపు నేను వర్ణించలేను. మిగిలిన ఎనిమిది వందల మీటర్లను అపార్ట్‌మెంటు చుట్టూ తిరిగి పూర్తి చేయాలని కమిటీ అక్కడికక్కడే తీర్మానించింది. మొదటి చుట్టు సెల్లారు గుండా సాగింది. అక్కడ ఉపగ్రహ సంకేతం అందదు కనుక ఆ చుట్టు లెక్కకు రాలేదు. రెండో చుట్టు ట్రాన్స్‌ఫార్మరు వెనుక నుంచి, ఆరేసిన చీరల కింది నుంచి, తల వంచుకుని. మూడో చుట్టులో మేళంవారు ఉత్సాహం పట్టలేక వెంట నడవసాగారు. సన్నాయి పక్కన నడవాలంటే వేగం తగ్గించాలి, వేగం మరీ తగ్గితే మీటరు సైకిలు ఆగిందనుకుని తానూ ఆగిపోతుంది. ఆ సంగతి మేళంవారికి వివరించడానికి మరొక చుట్టు పట్టింది. సరిగ్గా అప్పుడే నీళ్ల ట్యాంకరు వెనక్కి నడుచుకుంటూ లోపలికి వచ్చింది. "జర పక్కకు జరుగన్నా, రివర్స్ తీసుకోవాలె," అన్నాడు దాని డ్రైవరు, చరిత్ర అంటే బొత్తిగా గౌరవం లేనివాడు. దారి మూసుకుపోయింది. మీటరులో 99.94. ముందు ట్యాంకరు, వెనుక సన్నాయి. 402 గారు క్షణం ఆలోచించి సైకిలు దిగి, దాన్ని సెక్యూరిటీ గార్డు చేతికిచ్చి, మీటరును ఊడదీసుకుని, దాన్ని అరచేతిలో హారతి కర్పూరంలా పట్టుకుని, మిగిలిన అరవై మీటర్లూ నడిచి పూర్తి చేశారు. చప్పట్లు మారుమోగాయి. ఈ విధంగా మా అపార్ట్‌మెంటు తొలి సైకిలు శతకం కాలినడకన ముగిసింది.

ఆ సైకిలును పట్టుకుని నిలబడిన గార్డు రోజూ జగద్గిరిగుట్ట నుంచి సైకిలు మీదనే వస్తాడు. పోనూ రానూ పది కిలోమీటర్లకు తక్కువ ఉండదు. అంటే పది రోజులకొక శతకం, ఏడాదికి మూడు సహస్ర దర్శనాలు. అతని సైకిలుకు గేర్లు లేవు, వెనుక బ్రేకు ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది, క్యారియరు మీద టిఫిను డబ్బాను పాత ట్యూబు ముక్కతో కట్టి ఉంటుంది. నిన్న అతని శతకం పూర్తయిందో లేదో ఎవరికీ తెలియదు, అతనికీ తెలియదు, ఎందుకంటే అతడు డ్యూటీకి వస్తున్నాడు. 2011 జనాభా లెక్కలు చూస్తే, ఈ దేశంలో వ్యవసాయం కాని పనులకు వెళ్లేవారిలో దాదాపు 13 శాతం మంది సైకిలు మీదనే వెళ్లారు. మోటారు సైకిళ్లు, స్కూటర్ల మీద వెళ్లినవారి కంటే కాస్త ఎక్కువే. వారి కోసం జగద్గిరిగుట్ట దారిలో నాలుగున్నర మీటర్లు అక్కరలేదు, నాలుగున్నర అడుగులు గీసి ఇచ్చినవారు లేరు. సరదాకు తొక్కేవారి నెత్తిన నీడ, పొట్టకోసం తొక్కేవారి పక్కన బస్సు చక్రం.

ఇది ప్రభుత్వం సంగతి, దూరపు సంగతి అనుకుందాం. మా గేటు సంగతి చూడండి. ఫ్లెక్సీ కట్టిన ఆ గేటుకే, దాని కిందనే, మా కమిటీవారు ఏనాడో తగిలించిన బోర్డు ఒకటుంది: "పనివారు, డెలివరీవారు, సెక్యూరిటీ సిబ్బంది తమ సైకిళ్లను కాంపౌండు లోపల పెట్టరాదు." 402 గారి సైకిలు లిఫ్టులో నాలుగో అంతస్తుకు వెళ్లి హాల్లో సోఫా పక్కన నిద్రపోతుంది. ఆ లిఫ్టులోనే పనిమనుషులు మెట్లు వాడాలని మరొక కాగితం అంటించి ఉంది. సైకిలు ఎక్కవచ్చు, అంట్లు తోమే మనిషి ఎక్కకూడదు. గార్డు సైకిలును రోడ్డు మీది కరెంటు స్తంభానికి గొలుసు వేసి కడతాడు, వానలో తడుస్తుంది, రెండుసార్లు సీటు పోయింది. మన ఇళ్లకు కాపలా కాసే మనిషి సైకిలుకు కాపలా లేదు. ఇందులో వ్యంగ్యం రాయడానికి ఏముంది? సిగ్గుపడాలి. ఆ బోర్డు మీద సంతకం చేసిన చేతులతోనే ఆదివారం చప్పట్లు కొట్టారే, ఆ చేతులు నొప్పి పుట్టలేదా? ఎవడో ఒకడు సైకిలు తొక్కాడని ఊరంతా మేళం పెట్టుకుని, సైకిలు తొక్కి వచ్చేవాణ్ణి గేటు బయట నిలబెట్టేంత తలపొగరు మనకెక్కడిది? వాడి సైకిలు లోపల పెడితే సెల్లారు అందం చెడుతుందట. అక్కడ అందమంటే ఏమిటి, సిమెంటు బస్తాలు, విరిగిన కూలరు, రెండేళ్లుగా కదలని ఒక కారు.

నిన్న సాయంత్రం కమిటీ కార్యదర్శిగారు చందా పుస్తకంతో మా ఇంటికి వచ్చారు. 402 గారు 200 కిలోమీటర్లకు సిద్ధమవుతున్నారట, అది ద్విశతాబ్ది ఉత్సవం గనుక ఫ్లాటుకు అయిదు వందలు అనుకున్నారట. ఆ అయిదు వందలకు మరో అయిదు వందలు కలిపి ఇస్తాననీ, గేటు లోపల కప్పు ఉన్న సైకిలు స్టాండు కట్టించి, అందులో గార్డు సైకిలు మొదట పెట్టిస్తేనే ఇస్తాననీ చెప్పాను. ఆయన పుస్తకం మూసి, మంచి సూచనేననీ, సర్వసభ్య సమావేశంలో పెడతామనీ అన్నారు. అజెండాలో లిఫ్టు మరమ్మతు, ట్యాంకరు బిల్లు, 305 వారి కుక్క ముందున్నాయట.