పైవారి దృష్టికి తీసుకెళ్లే ఉద్యోగం

2025 మే 21వ తేదీ రాత్రి పన్నెండున్నర దాటాక, స్పెయిన్‌లోని బిల్బావోలో యూరోపా లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్ జరుగుతున్న వేళ, బీపీ మాత్ర వేసుకోవడం మరిచిపోయానంటూ లేచివచ్చిన మా అమ్మ టీవీ ముందు నిలబడి నన్ను కొన్ని ప్రశ్నలు అడిగింది. అప్పటికి మా మాంచెస్టర్ యునైటెడ్ టాటెన్‌హామ్ చేతిలో ఒక గోల్ తేడాతో వెనకబడి ఉంది. కెమెరా మాటిమాటికీ మైదానాన్ని వదిలేసి, పైన ముఖాలు వేలాడేసుకుని కూర్చున్న, కోట్లు తొడుక్కున్నవాళ్ల మీదికి వెళుతోంది. "ఆ కోటాయన ఎవర్రా?" అంది. క్లబ్బుకు సీఈవో అన్నాను. "ఆడతాడా?" ఆడడు. "ఆట నేర్పుతాడా?" దానికి కోచ్ వేరే ఉన్నాడు. "మరి డబ్బు పెట్టాడా?" పెట్టలేదు, యజమానులు వేరే ఉన్నారు. అమ్మ మంచినీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని కాసేపు ఆలోచించి, "ఓహో, గుడికి ఈవో లాంటివాడన్నమాట. పూజ చెయ్యడు, మంత్రం రాదు, గుడి కట్టించలేదు. దర్శనం టికెట్టు మాత్రం పెంచుతాడు" అనేసి, మాత్ర మింగి వెళ్లి పడుకుంది.

ఇరవై ఏళ్లుగా మాంచెస్టర్ అభిమానులు వానలో తడుస్తూ, బ్యానర్లు కట్టి, గొంతులు చించుకుని అడుగుతున్న ప్రశ్నకు ఇంత సూటి సమాధానం నాకింతవరకు మరెక్కడా దొరకలేదు. అయితే ఈవో పోలికతోనే ఆ పదవికి పూర్తి న్యాయం జరగదు. గుడి ఈవో కనీసం హుండీ లెక్కింపు దగ్గర కూర్చుంటాడు. కాబట్టి ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో సీఈవో అనే వ్యక్తి నిర్వర్తించే గురుతర బాధ్యతలేమిటో, పాఠకుల సహనాన్ని అర్థిస్తూ, క్రమపద్ధతిలో పరిశీలించదలిచాను.

ముందుగా క్లబ్బు కథ. 2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం యునైటెడ్‌ను సుమారు 79 కోట్ల పౌండ్లకు కొన్నది. అందులో చాలా భాగం అప్పు, ఆ అప్పు భారం వచ్చి పడింది క్లబ్బు మీదే. అంతకుముందు దశాబ్దాలుగా అప్పు లేని క్లబ్బది. ఈ ఏర్పాటును ఆర్థికవేత్తలు ఏదో గంభీరమైన పేరుతో పిలుస్తారు గానీ, మన ఊళ్ల భాషలో చెప్పాలంటే, ఆవును అప్పు మీద కొని, ఆ అప్పును ఆవు పేరనే రాసి, పాలమ్మి వడ్డీ కట్టి, మిగిలిన వెన్న తాను తిని, గడ్డి మాత్రం ఊరివాళ్లను వేయమనడం. గడ్డి వేసేవాళ్లను ఇంగ్లండులో అభిమానులంటారు.

అప్పటి సీఈవో డేవిడ్ గిల్. గ్లేజర్లు కొనకముందు ఆయన, అప్పు వినాశనానికి దారి అని హెచ్చరించిన పెద్దమనిషి. గ్లేజర్లు కొన్న తరవాత ఆయనే ఆ దారికి సీఈవోగా 2013 వరకు కొనసాగారు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టడం సీఈవో ప్రథమ కర్తవ్యమని ఇక్కడ మనం గ్రహించాలి. అయితే న్యాయంగా మాట్లాడాలి కదా, గిల్ హయాంలో కోచ్‌గా సర్ అలెక్స్ ఫెర్గూసన్ ఉన్నాడు, కప్పులు వస్తున్నాయి, కప్పులు వస్తున్నంత కాలం ఆవు పేర ఎంత అప్పుందని ఎవరూ పెద్దగా లెక్క చూడలేదు. 2010లో కొందరు చూశారు. 1878లో న్యూటన్ హీత్ పేరుతో క్లబ్బు పుట్టినప్పటి ఆకుపచ్చ, పసుపు రంగుల మఫ్లర్లు మెడలో వేసుకుని వచ్చారు. వాళ్లను చాదస్తులన్నారు.

2013లో ఫెర్గూసన్, గిల్ ఒకేసారి తప్పుకున్నాక పగ్గాలు ఎడ్ వుడ్‌వార్డ్ చేతికి వచ్చాయి. ఆయన చదివింది భౌతికశాస్త్రం, చేసింది అకౌంటెంటు పని, ఆ తరవాత బ్యాంకు ఉద్యోగం. ఆ బ్యాంకులో ఉండగానే గ్లేజర్లు క్లబ్బును ఎలా కొనాలో సలహా ఇచ్చారు. ఈ అర్హతల్లో ఫుట్‌బాల్ ఎక్కడుందని వెతకడం మర్యాద కాదు. ఆయన హోదా పేరు కూడా సీఈవో కాదు, కార్యనిర్వాహక ఉపాధ్యక్షుడు. తిట్లు మాత్రం సీఈవో హోదాలోనే అందుకున్నారు.

ఆ వేసవిలోనే, జట్టు ఆస్ట్రేలియా పర్యటనలో ఉండగా, ఆటగాళ్ల కొనుగోలుకు సంబంధించి అత్యవసరమైన పని పడిందంటూ ఆయన హుటాహుటిన వెనక్కి విమానమెక్కారు. ప్రపంచంలోని అభిమానులందరూ ఊపిరి బిగబట్టారు. జులై నెలాఖరు దాకా 2 కోట్ల 35 లక్షల పౌండ్లకు దొరికే మరువాన్ ఫెల్లెయినీని, ఆ గడువు దాటిపోయేదాకా ఓపిగ్గా ఆగి, సెప్టెంబరులో ఆఖరి రోజున 2 కోట్ల 75 లక్షలకు కొన్నారు. రైతుబజారులో పొద్దున్న ముప్ఫైకి ఇస్తానన్న వంకాయలను, సాయంత్రం దాకా ఆ దుకాణం చుట్టూనే తిరిగి, వాడిపోయాక నలభైకి కొన్నవాణ్ణి మనం ఇంట్లో ఏమంటామో తెలుసు. అక్కడ కార్యనిర్వాహక ఉపాధ్యక్షుడు అంటారు.

ఒక్క విషయంలో మాత్రం వుడ్‌వార్డ్ ప్రతిభను ఎవరూ కాదనలేరు. ఆయన భాగస్వాములను తెచ్చారు. టైర్లకొక అధికారిక భాగస్వామి, ఇంజిన్ నూనెకొక భాగస్వామి, నూడుల్స్‌కొకటి, బంగాళదుంప చిప్స్‌కొకటి. ఆ టైర్ల కంపెనీ మన అపోలోనే, ఇప్పుడు తిరుపతి జిల్లా చినపండూరులో దాని కర్మాగారం ఉంది కనుక మనమూ ఈ పాపంలో పిడికెడు పంచుకున్నవాళ్లమే. 2016లో పరుపులకూ దిండ్లకూ కూడా అధికారిక భాగస్వామి వచ్చాడు. ఆ రోజుల్లో మా జట్టు ఆడిన ఆటను చూసినవాళ్లెవరూ ఈ ఒప్పందాన్ని అనవసరమనరు. ప్రేక్షకుడికి ఏం కావాలో అంత నిశితంగా కనిపెట్టిన వాణిజ్య విభాగం ప్రపంచంలో మరొకటి లేదు.

2018 మే నెలలో మదుపరులతో మాట్లాడుతూ వుడ్‌వార్డ్, మైదానంలో జట్టు ఎలా ఆడుతుందన్నది తమ వాణిజ్య వ్యవహారాల మీద చెప్పుకోదగ్గ ప్రభావమేమీ చూపదని సెలవిచ్చారు. ఫుట్‌బాల్ క్లబ్బును నడిపే వ్యక్తి, ఫుట్‌బాల్ బాగా ఆడినా ఆడకపోయినా తమకు తేడా లేదని, వాటాదారులకు ధైర్యం చెప్పడం కోసం అన్న మాట అది. హోటలు యజమాని బల్ల దగ్గరికి వచ్చి, "మా ఇడ్లీ ఉడికినా ఉడకకపోయినా క్యాలెండరు మీద ప్రకటనల ఆదాయం తగ్గదండీ, మీరు నిశ్చింతగా తినండి" అన్నట్టుంది. ఏడేళ్లుగా ఆ వాక్యం నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ మాటన్న ఏడాది డిసెంబరులోనే ఆయన కోచ్ మొరీన్యోను తీసేశారు. అంతకుముందు మోయెస్‌ను తీసేశారు, వాన్ హాల్‌నైతే ఎఫ్.ఏ. కప్పు గెలిచిన రెండో రోజే తీసేశారు. కూరలో కరివేపాకుకు కూడా తాలింపు వాసన ఆరేదాకా ఆగుతారు. ఆట ప్రభావం లేనిదైతే పాపం ఈ కోచ్‌లు చేసిన నేరమేమిటి?

ఇక నాకు అత్యంత ప్రీతిపాత్రమైన ఘట్టానికి వస్తాను. 2022 ఫిబ్రవరిలో వుడ్‌వార్డ్ స్థానంలో రిచర్డ్ ఆర్నాల్డ్ సీఈవో అయ్యారు. ఆ సీజన్లో జట్టు ఇంగ్లండు ప్రీమియర్ లీగ్‌లో 58 పాయింట్లతో ఆరో స్థానంలో మిగిలింది. జూన్ నెలలో కొందరు అభిమానులు, ఇక లాభం లేదు, సీఈవో ఇంటి ముందే ధర్నా చేద్దామని బయలుదేరి, ధైర్యం కోసం ఆ ఊరి పబ్బులో ఆగారు. సంగతి తెలిసిన ఆర్నాల్డ్ స్వయంగా ఆ పబ్బుకే వచ్చి, అందరికీ తలా ఒకటి తాగడానికి ఇప్పించి, వాళ్ల మధ్యనే కూర్చున్నారు.

మనకు ఈ దృశ్యం కొత్త కాదు. తహశీల్దారు కార్యాలయం ముందు షామియానా, మిట్టమధ్యాహ్నం ఎండ, "డౌన్ డౌన్" అంటూ రెండు గంటలుగా బొంగురుపోయిన గొంతులు. అప్పుడు గేటు తెరుచుకుంటుంది. తహశీల్దారు గారు చెప్పులేసుకుని తనే నడిచివస్తారు. వెనక బంట్రోతు చేతిలో మజ్జిగ ప్యాకెట్ల సంచి. అంతవరకు ఆయన దిష్టిబొమ్మకు గడ్డి కూరుతున్న కుర్రవాడు, చేతికంటిన గడ్డి లుంగీకి తుడుచుకుని ప్యాకెట్టు అందుకుంటాడు. సారు వినతిపత్రం తీసుకుంటారు, మొదటి పేజీ శ్రద్ధగా చదువుతారు, "మీ బాధ నాకు తెలియంది కాదు, నేనూ రైతుబిడ్డనే" అంటారు, "పైవారి దృష్టికి తీసుకెళ్తాను" అంటారు. ఒక ఫొటో. షామియానా విప్పేస్తారు. దిష్టిబొమ్మ సగం కూరిన గడ్డితో గోడకు ఆనుకుని ఉండిపోతుంది.

ఆ పబ్బులో జరిగింది అక్షరాలా ఇదే. తేడా అల్లా మజ్జిగ స్థానంలో బీరు. ఎవరో రహస్యంగా తీసిన వీడియోలో ఆర్నాల్డ్, గడిచిన ఏడాది పీడకలలా ఉందని ఒప్పుకున్నారు. ఆటగాళ్ల మీద 100 కోట్ల పౌండ్లు పెట్టామని, అయినా ఈ స్థితిలో ఉండటం తనకూ సంతోషంగా లేదని చెప్పారు. ఒక్కసారి ఆలోచించండి. డబ్బు తగలేసిన సంస్థ అధిపతి, తగలడిపోయిన డబ్బుకు గడ్డి వేసిన వారి పక్కన కూర్చుని, వారితో సమానంగా నిట్టూరుస్తున్నాడు! నిట్టూర్పులో ఆయనే ముందున్నాడు కూడా. అభిమానులు ఆయన్ను ఓదార్చి పంపి ఉంటారని నా అనుమానం. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తాడని విన్నాం గానీ, అత్త సొమ్ము పోగొట్టి అత్తకే సోడా ఇప్పించి "ఏం చేస్తాం చెప్పండి" అనే అల్లుణ్ణి మాత్రం ఈ ఘట్టంలోనే చూశాను.

ఇక్కడే నాకు ఈ ఉద్యోగ రహస్యం బోధపడింది. ఆ పబ్బులో అభిమానుల ఎదుట కూర్చున్నది గ్లేజర్లు కాదు, వాళ్ల సీఈవో. 2020 జనవరిలో కొందరు మూర్ఖులు నిప్పులు చిమ్మే ఫ్లేర్లు విసిరిందీ వుడ్‌వార్డ్ ఇంటి మీదనే. అది దుర్మార్గం, అందులో వేరే మాట లేదు. 2021 ఏప్రిల్‌లో ఆరు ఇంగ్లిష్ క్లబ్బులతో సహా పన్నెండు యూరప్ క్లబ్బుల యజమానులు కలిసి పుట్టించిన సూపర్ లీగ్ అనే కొత్త పోటీ రెండు రోజుల్లో కూలినప్పుడు, పదవి వదులుకుంటున్నట్టు ప్రకటించిందీ వుడ్‌వార్డే. ఆ పథకంలో యునైటెడ్ తరఫున ముందు నిలిచిన జోయెల్ గ్లేజర్ ఒక క్షమాపణ లేఖ రాసి తన పదవిలోనే ఉన్నాడు. మే 2న అభిమానులు క్లబ్బు సొంత మైదానమైన ఓల్డ్ ట్రాఫర్డ్‌లోకి చొరబడి లివర్‌పూల్‌తో మ్యాచ్‌నే ఆపేయించారు. యజమానులు అప్పుడూ సముద్రానికి అవతలే. క్లబ్బుల్లో సీఈవోలను ఎందుకు పెట్టుకుంటారంటే, తగలబెట్టడానికి అందుబాటులో ఒక దిష్టిబొమ్మ ఉండాలి, ఆ బొమ్మకు జీతం ఉండాలి, బూడిదయ్యాక దాని స్థానంలో పెట్టడానికి మరో బొమ్మ దొరకాలి.

2024లో బ్రిటిష్ కోటీశ్వరుడు సర్ జిమ్ రాట్‌క్లిఫ్ నాలుగో వంతుకు మించిన వాటా కొని, ఆట వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాక, మాంచెస్టర్ సిటీ నుంచి ఒమర్ బెరాడాను సీఈవోగా తెచ్చారు. పొదుపు యుగం మొదలైంది. సుమారు 250 మంది ఉద్యోగులు పోయారు. మరుసటి ఏడాది ఇంకో 200 మంది దాకా పోవచ్చన్నారు. ఓల్డ్ ట్రాఫర్డ్ సిబ్బంది భోజనశాల మూసేసి, మధ్యాహ్న భోజనానికి బదులు పండ్లు పెడతామన్నారు. 2024 నవంబరులో, సీజను మధ్యలో, క్లబ్బు సభ్యులకు అమ్మే మిగిలిన టికెట్లన్నిటికీ 66 పౌండ్లే ధర అని ప్రకటించారు. పిల్లలకూ అంతే, పింఛనుదారులకూ అంతే. లండన్‌లోని ఫుల్‌హామ్ క్లబ్బు టికెట్టు కంటే యునైటెడ్ టికెట్టు చవగ్గా ఉండటంలో అర్థం లేదని రాట్‌క్లిఫ్ వాదించారు. ఆ సీజను ముగిసేసరికి ఫుల్‌హామ్ 11వ స్థానంలో ఉంది, మేము 15వ స్థానంలో ఉన్నాం.

ఇక్కడికొచ్చేసరికి నాకు వ్యంగ్యం చేతకావడం లేదు. అంతకుముందు పిల్లల టికెట్టు 25 పౌండ్లకు దొరికేది. అంటే ఒక్కో పిల్లవాడి దగ్గర అదనంగా లాగాలనుకున్నది 41 పౌండ్లు. అదే ఏడాది జులైలో తెచ్చిన స్పోర్టింగ్ డైరెక్టర్ (ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే అధికారి) డాన్ యాష్‌వర్త్‌ను డిసెంబరులో పంపించేశారు. అయిదు నెలల ముచ్చటకు క్లబ్బు ఖాతాల్లో పడిన ఖర్చు 41 లక్షల పౌండ్లు. భాగించి చూడండి: లక్ష మంది పిల్లలు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పట్టేదే సుమారు 74 వేల మంది. ఆ మైదానాన్ని అంచుల దాకా పిల్లలతోనే నింపి, వాళ్ల జేబులు దులిపినా ఒక్క పెద్దమనిషిని నియమించిన పొరపాటుకు చాలదు! జులైలో కాంట్రాక్టు పొడిగించి అక్టోబరులో తీసేసిన కోచ్ టెన్ హాగ్‌కూ ఆయన సిబ్బందికీ ఇచ్చిన 1 కోటి 4 లక్షలు ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు. తప్పు చేసింది కోట్లు వేసుకున్నవాళ్లు, జరిమానా కట్టేది తాత వేలు పట్టుకుని మొదటిసారి మ్యాచ్‌కు వచ్చే ఎనిమిదేళ్ల పిల్లా? వంటశాలలో పళ్లేలు కడిగే మనిషా? సిగ్గులేదా అని అడగడానికి వేరే మర్యాదైన మాట నాకు తెలుగులో దొరకడం లేదు.

క్షమించండి. గంభీర పరిశీలనకు తిరిగి వస్తాను.

2024 మే 12న ఆర్సెనల్‌తో మ్యాచ్ అయ్యాక కురిసిన వానకు ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పు మూల నుంచి నీళ్లు ధారగా కుర్చీల మీద పడ్డాయి. జనం ఫోన్లు తీసి జలపాతాన్ని చిత్రీకరించుకున్నారు. మరుసటి ఏడాది మార్చిలో లక్ష మంది పట్టే కొత్త స్టేడియం నమూనా విడుదల చేశారు. దానిమీద మూడు పెద్ద స్తంభాలు మోసే బ్రహ్మాండమైన గొడుగు ఉంటుందట. ఇన్నేళ్లూ యజమానుల నెత్తిన సీఈవో రూపంలో ఒక్క చుక్క కారని గొడుగొకటి ఉండనే ఉంది. జనానికీ ఒకటి వేయాలని తోచడం శుభపరిణామమే. ఖర్చు 200 కోట్ల పౌండ్లన్నారు. అది ఎవరి పేర రాస్తారో ఆవును అడిగితే చెబుతుంది.

అంతవరకు సిబ్బంది గదిలో పండ్ల బుట్ట ఉంటుంది. టైర్లకూ, నూడుల్స్‌కూ, దిండ్లకూ భాగస్వాములను వెతికి తెచ్చిన క్లబ్బు, ఆ బుట్టలోని అరటిపండును మాత్రం అనాథగా వదిలేస్తుందని నేననుకోను. అధికారిక అరటిపండు భాగస్వామి ఎవరన్న ప్రకటన కోసం రోజూ చూస్తున్నాను.