వంట సోడా గారూ, కాస్త తగ్గండి

మహారాజశ్రీ వంట సోడా గారికి,

బెంగళూరు మారతహళ్లిలో అద్దెకుంటున్న ఒక తల్లి రాసుకున్నది. మీరిప్పుడు పెద్దవాళ్లయిపోయారు, సంతోషం. కానీ మీ పాత బతుకు నాకు తెలుసండీ, పప్పు డబ్బాల వెనక రబ్బర్ బ్యాండ్ వేసిన ప్యాకెట్లో పడుండి, బజ్జీల రోజున చిటికెడు బయటికొచ్చేవారు. ఇప్పుడేమో ఆదివారం పొద్దున్నే మావాడు "అమ్మా ఎక్స్‌పెరిమెంట్" అనడం ఆలస్యం, కిచెన్ గట్టు మీద మీ దర్బారు మొదలు.

"ఇంట్లో ఉన్నవాటితోనే చేసేయొచ్చు" అని మీ గురించి అందరూ ఒకటే ఊదరగొట్టడం. ఎవరింట్లో అండీ? మీ మీద పోసి పొంగించడానికి మా ఇంట్లో వెనిగర్ ఎందుకుంటుంది, మేమేమన్నా రోజూ నూడుల్స్ చేసుకుంటామా? మొదటి వారం ఆన్‌లైన్‌లో తెప్పించి అగ్నిపర్వతం పొంగించాం, ఇల్లంతా ఊరగాయ జాడీ పగిలినట్టు వాసన, మావాడు నురగలో వేలు పెట్టి "అమ్మా, లావా చల్లగా ఉంది" అన్నాడు. నేనూ పెట్టి చూశా, నిజమే! మీరూ వెనిగరూ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదిలేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటారట కదా. అసలు లావా 700 నుంచి 1200 డిగ్రీల దాకా ఉంటుంది, మీదేమో ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగలా ఉంది, అయినా పేరు మాత్రం అగ్నిపర్వతం. కాస్తయినా మొహమాటం ఉండాలండీ.

రెండో వారానికి రాజమండ్రి నుంచి మా అత్తగారు దిగారు. "పులుపే కదా కావాల్సింది" అని చింతపండు పిసికి చిక్కగా రసం తీసి గిన్నెలో పోశారు. పొంగింది, గోధుమ రంగులో, నెమ్మదిగా, చారు గిన్నె పొంగినట్టు, మావాడికి అదే అసలు లావా అట!

ఆ ఊపులో పసుపు కాగితం కూడా చేయించారు. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టి, మిమ్మల్ని నీళ్లలో కలిపి ఇయర్‌బడ్‌తో బొమ్మ గీస్తే గీసిన చోటల్లా ఇటుక రంగు. మీది క్షారం కాబట్టి పసుపు ఎర్రబడుతుంది, మళ్లీ నిమ్మరసం చుక్క వేస్తే వెనక్కి పసుపే. మావాడు నోరు తెరిచి చూస్తుంటే ఆవిడ చేతులు కడుక్కుంటూ "ఇందులో ఏముందిరా, దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇలాగేగా, పసుపులో సున్నం వేస్తే ఎరుపు, పెళ్లికూతురి పారాణీ అంతే" అన్నారు. సున్నంతో వచ్చే ఎరుపు ముందు మీరెంతండీ, ఏదో కాస్త రంగు వేసుకుని వెళ్లిపోయే బాపతు.

ఇదంతా అయ్యాక గట్టు మీద పసుపు మరక మిగిలింది, నేను కంగారులో సబ్బేసి రుద్దితే అది కాస్తా ఎర్రగా తేలింది, సరిగ్గా అప్పుడే ఓనర్ ఆంటీ తలుపు కొట్టింది. ఆవిడ చూపు గట్టు మీద, నా చూపు మా అడ్వాన్స్ మీద. నిమ్మ చెక్క తెచ్చి పిండితే మరక పసుపైంది గానీ పోలేదు, ఎండ తగిలితే పోతుందట, కానీ మా వంటింటికి ఎండ ఎక్కడిది, ఎదురు అపార్ట్‌మెంట్ గోడ తప్ప.

ఒక్క మాట అడగనా. పులిసిన పెరుగులో మైదా కలిపి మిమ్మల్ని చిటికెడేసి మైసూర్ బోండాలు వేస్తే అవి నూనెలో పొంగి లోపల చిల్లులు పడేది కూడా మీరు వదిలే ఈ కార్బన్ డయాక్సైడ్ గ్యాసు వల్లే కదా, పెళ్లయ్యాక ఇన్నేళ్లుగా వేస్తూనే ఉన్నా, ఒక్కళ్లూ చప్పట్లు కొట్టలేదు. మొన్న బోండా తుంచి "ఇవీ నీ లావా బుడగలేరా" అని చూపిస్తే మావాడు కాసేపు అలాగే చూసి, చట్నీలో ముంచుకుని తినేశాడు.

ఈ సాయంత్రం మళ్లీ వేద్దామని మీ డబ్బా తీశానండీ. అడుగున ఇయర్‌బడ్ ఒకటి ఉంది, మీరు లేరు.

ఇట్లు,
గట్టు తుడిచే మనిషి