పొల్యూషన్ ఉందా?

పటమట,
విజయవాడ.

మహారాజశ్రీ పొల్యూషన్ సర్టిఫికెట్ గారి దివ్యసముఖానికి నమస్కరించి చేయు విన్నపములు.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం, మా స్కూటరు క్షేమం. మీరు ఆ స్కూటరు సీటు కింద, ఆర్సీకీ ఇన్సూరెన్సుకూ మధ్య, ప్లాస్టిక్ కవరులో క్షేమంగా ఉన్నారు. మా ఇంట్లో మరే కాగితానికీ ఇంత మర్యాద జరగలేదు. నా ఛాతీ ఎక్స్‌రే బీరువా వెనక గోడకు ఆనించి ఉంది. పోయిన వానాకాలంలో దాని అంచు చెమ్మ పట్టింది కూడా. మీకు మాత్రం ఒక్క చుక్క తగలనివ్వలేదు. ఎక్స్‌రే ఏదని బెంజి సర్కిల్‌లో నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు మరి.

మిమ్మల్ని అడిగే తీరు నాకు భలే ముచ్చటగా ఉంటుంది. ఆర్సీ ఉందా, ఇన్సూరెన్సు ఉందా, పొల్యూషన్ ఉందా? ఉందండీ, అని గర్వంగా చెబుతాను. లేదన్నవాడికి చలానా. ఊళ్ళో గాలి ఎలా ఉన్నా సరే, ఎవరి పొల్యూషన్ వాళ్ళ సీటు కింద భద్రంగా ఉండాలి. మొన్న అడిగిన కానిస్టేబుల్ ముక్కుకు తెల్ల రుమాలు కట్టుకున్నాడు. ఆ రుమాలు మీద సరిగ్గా ముక్కుపుటాల దగ్గర రెండు నల్లటి మచ్చలు. ఆయన మిమ్మల్ని కవరులోంచి తీసి, వెలుతురుకు పట్టి, తేదీ చూసి, దగ్గి, తిరిగి నా చేతిలో పెట్టాడు. అదే సమయానికి మా పక్క నుంచి బూడిద నింపుకున్న లారీ ఒకటి టార్పాలిన్ సగం కప్పుకొని, మిగతా సగం జెండాలా ఎగరేసుకుంటూ వెళ్ళింది. దాన్ని ఎవరూ ఆపలేదు. ఆపి ఉంటే మాత్రం ఏమయ్యేది? దాని డ్రైవరు దగ్గరా మీ అన్నగారు ఒకరు తప్పకుండా ఉండేవారు.

మీరు పుట్టిన వైనం మీకు గుర్తుండదు కాబట్టి చెబుతాను. మా స్కూటరు 2012లో కొన్నది. ఆ కాలపు బండికి మీ ఆయుర్దాయం ఆరు నెలలు. భారత్ స్టేజ్ నాలుగు, ఆరు అనే కొత్త పొగ ప్రమాణాల బళ్ళకైతే ఏడాది. అందుచేత మనం ఏడాదికి రెండుసార్లు కలుసుకుంటాం, పండక్కి వచ్చే అల్లుడిలాగా. పద్ధతి ప్రకారం అయితే ఇంజను నడుస్తూ ఉండగా సైలెన్సరులో గొట్టం పెట్టాలి. కార్బన్ మోనాక్సైడు ఎంత శాతం, కాలని హైడ్రోకార్బన్లు పది లక్షల పాళ్ళకు ఎన్ని పాళ్ళు అని యంత్రం చూడాలి. నా స్కూటరు వంటి వాటికి మొదటిది 3.5 శాతం, రెండోది 4,500 దాటకూడదు. బంకు పక్కన ఆగి ఉన్న వ్యాను దగ్గరకు ఇవన్నీ చదువుకొనే వెళ్ళాను. గొట్టం చుట్ట చుట్టి వ్యాను తలుపుకు వేలాడుతోంది. దాని మీద అక్కడి కుర్రవాడి తువ్వాలు ఆరేసి ఉంది.

"బండి స్టార్టు చేయనా నాయనా?"

"వద్దండీ, పెట్రోలు దండగ."

పొగ తగ్గించడానికి ఇంతకంటే మంచి ఉపాయం నేను ఏ చట్టంలోనూ చదవలేదు.

"నంబరు ప్లేటు కనిపించేలా కొంచెం వెనక్కి జరపండి" అన్నాడు. జరిపాను. ఫోటో తీశాడు. వ్యాను లోపల ఏదో గరగరమంది, మీరు పుట్టారు. ఆగి ఉన్న నా స్కూటరు ఎంత కార్బన్ మోనాక్సైడు వదిలిందో దశాంశ బిందువు తర్వాత అంకెలతో సహా మీ మీద ఉంది. సున్నా వేసినా నమ్మేవాణ్ణి. సున్నా అయితే అనుమానం వస్తుందని కాబోలు, అర శాతం పైచిలుకు వేశారు. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. నాకు కావలసింది కాగితం, ఇచ్చాడు. కానిస్టేబులుకు కావలసిందీ కాగితమే, చూపించాను. మా ముగ్గురి మధ్యా గాలి ప్రసక్తి ఎక్కడా రాలేదు.

పోనీ నిజంగానే కొలిచారనుకుందాం. పెట్రోలు బండికి మీరు చూసేవి ఆ రెండు వాయువులే. డీజిలు బండికైతే పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగి అక్కడినుంచి నెత్తురులోకి జారే సన్నటి ధూళిని, అదే పీఎం 2.5 అంటారే, దాన్ని మీరు తూచరు. నైట్రోజన్ ఆక్సైడులు మీ పట్టికలో లేవు. టైర్ల అరుగుదల, రోడ్డు మీద లేచే దుమ్ము సంగతి సరేసరి. అయినా మీ పేరు మాత్రం పొల్యూషన్ సర్టిఫికెట్. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత మా పెద్దలు ఊరికే అనలేదు.

చట్టం దగ్గర మీ పలుకుబడి చూస్తే అసూయగా ఉంటుంది. మీరు లేనిదే బండి ఇన్సూరెన్సు పొడిగించవద్దని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. దానివల్ల ఇన్సూరెన్సు లేని బళ్ళు పెరిగి, ప్రమాదంలో దెబ్బలు తిన్నవాళ్ళకు పరిహారం రాకుండా పోతోందని 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, మీరు నా దగ్గర లేకపోతే పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాశారు. లైసెన్సు మూడు నెలలు పక్కన పెట్టడం అదనం. చలానా అంత దాకా వెళ్ళదనుకోండి. కానీ రాత రాతే.

ఇప్పుడు ఫ్యాక్టరీ పొగ గొట్టాల సంగతి చూడండి. వాటికోసం 1981లో వచ్చిన వాయు కాలుష్య చట్టం ఉంది. అనుమతి లేకుండా నడిపినా, పరిమితికి మించి పొగ వదిలినా ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ దాకా జైలు అని ఒకప్పుడు అందులో ఉండేది. 2023లో జన విశ్వాస్ చట్టం తెచ్చి ఆ జైలు తీసేశారు. దాని స్థానంలో పదివేల నుంచి పదిహేను లక్షల వరకు జరిమానా పెట్టారు. నా స్కూటరుకు ఎక్కడ ముగుస్తుందో పొగ గొట్టానికి అక్కడ మొదలవుతుంది కదా అని మొదట సంతోషించాను. తర్వాత తట్టింది, నాకు రాసిపెట్టిన మూడు నెలలు వాళ్ళకు లేవని. జైలు పూర్తిగా పోలేదు లెండి. ఆ జరిమానా తొంభై రోజుల్లో కట్టకపోతే మూడేళ్ళ వరకు వేయవచ్చు. పొగ వదలడం ఖర్చుల పద్దు, బాకీ ఎగ్గొట్టడం నేరం. కోర్టు కేసులు ఏళ్ళ తరబడి తేలడం లేదు, జరిమానా అయితే చప్పున పడుతుంది అని వాదన. అందులో పస లేదనను. ఆ పస 2023లో నా స్కూటరుకు కూడా వర్తిస్తుందని ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. చట్టం పేరులో జనం ఉన్నారు, విశ్వాసం ఉంది. నా బండి మీద ఆ రెండూ లేనట్టుంది.

అసలు చెప్పదలచుకున్నది వేరే ఉంది. ఆటోనగర్ వైపు వెళ్ళే మలుపులో ఒకామె టిఫిను బండి ఉంది. ఆమె తెల్లవారుజామున అయిదింటికి బండి తోసుకుంటూ వస్తుంది, పదకొండింటికి తోసుకుంటూ పోతుంది. ఆ ఆరు గంటలూ లారీలన్నీ మలుపు తిరగడానికి గేరు మార్చేది ఆమె పెనం ఎదురుగానే. స్కూటరు లేదు, ఆటో లేదు, కాబట్టి మీ అవసరం ఆమెకు కలగలేదు. మీ భాషలో చెప్పాలంటే ఆమెకు పొల్యూషన్ లేదు. పొద్దున్నే దగ్గితే మాత్రం నల్లగా పడుతుందట. "పెనం పొగ బాబుగారూ, అట్లు ఎర్రగా కాలిస్తేగానీ జనం తినరు" అంటుంది, తప్పంతా తనదే అన్నట్టు. ఒకరోజు మిమ్మల్ని కవరులోంచి తీసి ఆమె బల్ల మీద పెట్టి, రెండు అట్లు తినేలోపల చేత్తో అటూ ఇటూ జరిపాను. ఎత్తి చూస్తే మీ వెనక వైపు వేలెడు వెడల్పున బూడిదరంగు చార. ఆమె బల్ల తుడిచి అప్పటికి పావుగంట కాలేదు. మీ ఒంటిమీద నేను కళ్ళారా చూసిన కొలత ఇప్పటికి అదొక్కటే.

కాలుష్యం లేని గాలి, నీరు జీవించే హక్కులో భాగమని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఆమెకూ వర్తిస్తుంది కదా అని చెప్పబోతే, "చట్నీ వేయమంటారా?" అంది.

ఆమె పీల్చే గాలికీ లెక్కలు లేకపోలేదు. పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం 2009లో గీత గీసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అయిదు చాలంది. మన ఊపిరితిత్తులు ఎనిమిది రెట్లు గట్టివన్న మాట. ఆవకాయ తింటాం కదా, కావచ్చు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళ జాబితా ఒకటుంది. అందులో విజయవాడ ఉంది, పక్కనే గుంటూరూ ఉంది. ఇందులో మన రెండూళ్ళకూ పోటీ లేదు, కలిసే ఫెయిలయ్యాం. 2024కల్లా ధూళిని 20 నుంచి 30 శాతం తగ్గించాలని మొదట అన్నారు. ఆ తర్వాత 40 శాతం అని, గడువు 2026 అని మార్చారు. పాసు మార్కులు పెంచి పరీక్ష వాయిదా వేసే మాస్టారు మాకూ ఒకరు ఉండేవారు.

అన్నట్టు, మీ కాగితాల జాతిలోనే వేరే శాఖ ఒకటి ఉంది, మీకు తెలియదేమో. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు జనం మురుగు కాలువలు లేవని, సారా ఫ్యాక్టరీ కంపునీళ్ళు వీధిలోకి వస్తున్నాయని మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టారు. ఊరి జనానికి ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమనే అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 133వ సెక్షను కింద. ఆయన బాగుచేయమంటే మునిసిపాలిటీ డబ్బుల్లేవని సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు చెల్లదన్నారు. ఆ సెక్షను ఇప్పుడు ఆ కోడు స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ నంబరుతో బతికే ఉంది. అలాంటి అర్జీ పుట్టాలంటే నంబరు ప్లేటు అక్కరలేదు, నలుగురు సంతకం చేస్తే చాలు. మలుపు దగ్గర దుమ్ము గురించి ఒకటి రాసి పెట్టాను. నాది, ఇస్త్రీ బండి అతనిది సంతకాలు అయ్యాయి. టిఫిను బండి ఆమె వేలిముద్ర వేస్తానంది, ముందు చేతి పిండి కడుక్కోవాలంది. కానిస్టేబుల్ గారిని అడిగితే నవ్వి, రుమాలు సర్దుకున్నారు.

వచ్చే నెల ఆరో తారీఖుతో మీ గడువు తీరుతుంది. వ్యాను దగ్గరకు మళ్ళీ వస్తాను. ఈలోగా ఒక్క సందేహం తీర్చగలరు. బండి ఇంటి దగ్గరే వదిలేసి నంబరు ప్లేటు ఒక్కటి ఊడదీసి, సంచిలో వేసుకొని, సిటీ బస్సులో వస్తే సరిపోతుందా? పెట్రోలు కూడా కలిసొస్తుంది.

ఇట్లు,
సీటు పైన కూర్చునేవాడు