నోట్‌ప్యాడ్‌లో వేంచేసి ఉన్న యాన్సీ గారి సముఖమునకు

మహారాజశ్రీ యాన్సీ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఆనవాయితీ. కానీ ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మీరెవరో తెలియని వాళ్లు చాలామందే ఉన్నారు. నోట్‌ప్యాడ్‌లో 'సేవ్ యాజ్' నొక్కితే అడుగున 'ఎన్‌కోడింగ్' అని ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది, అంటే అక్షరాలను కంప్యూటర్ అంకెలుగా మార్చి దాచే పద్ధతి. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ జాబితాలో మొదటి వరసలో 'ANSI' అన్న పేరుతో కాలు మీద కాలేసుకుని కూర్చున్నది తమరే. 2019 మే నెలలో విండోస్ 10కి కొత్త అప్‌డేట్ వచ్చేదాకా, మనిషి ఏదీ ఎంచుకోకపోతే కొత్త ఫైలు మీ చేతికే వెళ్లేది. తర్వాత ఆ పెత్తనం ప్రపంచ భాషల అక్షరాలకు చోటున్న యూటీఎఫ్-8 అనే పద్ధతికి ఇచ్చారు. పదవి పోయింది గానీ కుర్చీ మాత్రం మీరు వదల్లేదు. మా నాయకులను చూసి నేర్చుకున్నారా, లేక వాళ్లే మిమ్మల్ని చూసి నేర్చుకున్నారా?

పేరు సంగతి కూడా అంతే. ఆ పేరుగల అమెరికా ప్రమాణాల సంస్థ మిమ్మల్ని ప్రమాణంగా ఏనాడూ ఆమోదించలేదు. పోనీ, మీరు ఒక్కరేనా అంటే అదీ కాదు. రష్యాలో 1251, గ్రీసులో 1253, టర్కీలో 1254, థాయ్‌లాండ్‌లో 874, ఇలా ఊరికో అక్షరాల పట్టిక, దానికో నంబరు. మా కంప్యూటర్లలో సాధారణంగా 1252 వేషంలో దిగుతారు. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ వాళ్ల అక్షరాలకు అందులో పీటలు వేశారు. మరి తెలుగుకి మీ నంబరు ఎంత అని విండోస్‌ని అడిగితే వచ్చే జవాబు 0. ఎగతాళికి అనడం లేదు, నిజంగానే సున్నా, అంటే తెలుగుకి పట్టికే లేదు.

అయినా మీ మర్యాదను మెచ్చుకోవాలి. తెలుగు ఉన్న ఫైలును మీ పేరు మీద సేవ్ చేయబోతే ముందుగా ఒక హెచ్చరిక వస్తుంది. ఇందులో యూనికోడ్ (ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే జాబితా) అక్షరాలున్నాయి, ఇలా సేవ్ చేస్తే అవి పోతాయి, కానిమ్మంటారా అని. పాపం, ఇంగ్లీషులో అడుగుతారు. అవతలి మనిషి రోజుకి పాతిక పెట్టెలకు ఓకే కొట్టేవాడు, దీనికీ కొడతాడు. ఇక మీకు అడ్డేముంది!

మొన్న ఒక చిన్న గ్రంథాలయం వాళ్లు తమ పుస్తకాల జాబితాను ఇలాగే మీకు అప్పగించారు. తిరిగి తెరిస్తే ఒక్కో వరస ఇలా ఉంది: "?????? ???????, 60". పుస్తకం పోయింది, వెల మిగిలింది. అంకెలంటే మీకు భలే గౌరవం. లెక్కలో కూడా పక్కా మనిషి మీరు. 'తెలుగు' అని మూడక్షరాలు రాస్తే ఆరు ప్రశ్నార్థకాలు వేస్తారు, హల్లుకి ఒకటి, గుణింతానికి ఒకటి. ఆ గుంపులో రచయిత నిజంగా పెట్టిన ప్రశ్నార్థకం ఏదో చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. అలా సేవ్ అయిన ఫైలును ఏ ఎడిటర్‌లో తెరిచినా లాభం లేదు. అందులో ఉన్నవి నిజంగా ప్రశ్నార్థకాలే.

మీ రెండో విద్య ఇంకా సరదాగా ఉంటుంది. ఫైలు నిక్షేపంగా యూటీఎఫ్-8లో ఉంటుంది, కానీ చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని మీది అనుకుంటుంది. అప్పుడు ప్రతి తెలుగు హల్లూ, ప్రతి గుణింతపు గుర్తూ మూడేసి ముక్కలవుతుంది: నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కన ° లేదా ±, ఆపైన ఇంకేదో. తెలుగు చదువుదామని కూర్చుంటే ఉష్ణోగ్రతల పట్టిక ఎదురవుతుంది. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) తెరిచిన గుమాస్తాలకు ఈ దర్శనం బాగా అలవాటే. ఇక్కడ ప్రాణం ఇంకా పోలేదు. ఏమీ ముట్టుకోకుండా మూసేసి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ తెరిస్తే అక్షరాలు లేచి కూర్చుంటాయి. కానీ మనవాళ్లు భయపడి ముందుగా చేసే పని సేవ్ కొట్టడం!

అలా కొడితే ఏమవుతుందో మీకు బాగా తెలుసు. మీ 1252 పట్టికలో ఐదు గడులు ఖాళీ. ఎంత ముహూర్తబలమో గానీ, మా కొమ్ములో చివరి బైటు (ఆ మూడు ముక్కల్లో మూడోది) ఆ ఖాళీల్లో ఒకదానిలో పడుతుంది, పొల్లుది ఇంకోదానిలో. మాటకు ముందో వెనకో కొమ్ము లేకుండా తెలుగువాడు నాలుగు మాటలు మాట్లాడలేడు. పొల్లు లేనిదే ఒక్క వత్తూ రాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖాళీ గడిలో పడ్డదాన్ని జాగ్రత్తగా అట్టేపెడతాయి, కొన్ని చెత్తలో వేస్తాయి. రెండో రకం చేతిలో పడితే మిగతావన్నీ వెనక్కి తెచ్చుకున్నా కొమ్ములు, వత్తులు తిరిగి రావు.

మిమ్మల్ని పూర్తిగా తీసేయమని అడగను. పాత ఫైళ్లు కోట్లలో ఉంటాయి, వాటికి మీరు కావాలి. జాబితాలో ఆఖరి వరసకు జరిగి కూర్చుంటే చాలు.

ఇట్లు,
గుణింతాలు నమ్ముకున్న ఒక పాఠకుడు

తా.క.: ఈ ఉత్తరం యూటీఎఫ్-8లో ఉంది. మీకు డిగ్రీ గుర్తులు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. మూసేటప్పుడు మార్పులు సేవ్ చేయాలా అని అడిగితే, దయచేసి 'వద్దు' నొక్కండి.