లైఫ్‌హౌస్‌ను వెక్కిరించేవాళ్లతో నా గొడవ

బ్రిటిష్ రాక్ బ్యాండ్ ద హూ గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఒక కథ తప్పకుండా వినిపిస్తుంది. బ్యాండ్‌కు గిటార్ వాయించి పాటలు రాసే పీట్ టౌన్‌షెండ్ 1970, 71లలో లైఫ్‌హౌస్ అనే అయోమయపు పథకాన్ని నెత్తికెత్తుకున్నాడట. సినిమా, కచేరీ, కంప్యూటర్, ఆధ్యాత్మికత అన్నీ ఒకే కుండలో వేసి కలియబెట్టాడట. తోటివాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదట. చివరికి మనిషి కుప్పకూలాడట. అప్పుడు గ్లిన్ జాన్స్ అనే బుద్ధిమంతుడైన రికార్డింగ్ ఇంజినీరు వచ్చి, కథను అవతల పారేసి, పాటలు మాత్రం ఏరి హూస్ నెక్స్ట్ ఆల్బమ్ తయారుచేసి, బ్యాండ్‌ను గట్టెక్కించాడట. కాబట్టి రాక్ బ్యాండ్లు బుద్ధిగా పాటలు పాడుకోవాలి, పెద్ద పెద్ద ఆలోచనల జోలికి పోకూడదు.

ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. జరిగిన సంగతులు చాలావరకు నిజమే. టౌన్‌షెండ్ కుంగిపోయిన మాట నిజం, జాన్స్ చేసిన మేలు నిజం. వాటి మీద చెప్పే తీర్పే అడ్డగోలు. ఆ పిచ్చి పథకం లేకపోతే జాన్స్ ఏరుకోవడానికి అక్కడ పాటలే ఉండేవి కావు.

కాస్త వెనక్కి వెళ్లాలి. 1964లో లండన్ శివారులోని హారో ప్రాంతంలో, రైల్వే హోటల్ అనే చోట ఈ బ్యాండ్‌లోని నలుగురూ వాయిస్తుండగా కిట్ లాంబర్ట్ చూశాడు. అతడు సంగీత వ్యాపారి కాడు. అతడూ అతడి స్నేహితుడు క్రిస్ స్టాంపూ సినిమాల్లో సహాయ దర్శకులు. ఒక బ్యాండ్ మీద సినిమా తీయాలని తగిన కుర్రాళ్ల కోసం గాలిస్తున్నారు. సినిమా తీయడానికి వచ్చినవాళ్లు మేనేజర్లై కూర్చున్నారు. గిటారిస్టు టౌన్‌షెండేమో ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో చదివినవాడు. తనను తాను ధ్వంసం చేసుకునే కళ గురించి గుస్తావ్ మెట్జ్‌గర్ అనే కళాకారుడు చేసిన ఉపన్యాసం అక్కడే విన్నాడు. అదే రైల్వే హోటల్లో ఒక రాత్రి, కప్పు మరీ కిందికి ఉండటం వల్ల గిటార్ కొస దానికి తగిలి విరిగింది. జనంలో ఎవరూ పెద్దగా చలించలేదు. ఉక్రోషంతో మిగిలినది కూడా ముక్కలు చేశాడు. ఆ తర్వాత జనం దానికోసమే రావడం మొదలుపెట్టారు. విరగ్గొట్టిన గిటార్ల ఖర్చు బ్యాండ్‌ను ఏళ్ల తరబడి అప్పుల్లో ముంచింది, అది వేరే సంగతి.

ఇంతకూ నేను అనేదేమిటంటే, 'పాటలు మాత్రమే పాడుకునే ద హూ' అనేది ఏనాడూ లేదు. పుట్టుకలోనే సగం సినిమా, సగం ఆర్ట్ కాలేజీ.

మరి హార్డ్ రాక్ ఎక్కడిది? అదీ అక్కడే పుట్టింది. బేసిస్టు జాన్ ఎంట్విసిల్, టౌన్‌షెండ్ ఇద్దరూ జిమ్ మార్షల్ దుకాణానికి వెళ్లి ఇంకా పెద్ద శబ్దం కావాలి, ఇంకా కావాలి అని వేధించారు. తర్వాతి కాలంలో ప్రతి హార్డ్ రాక్ వేదిక మీదా గోడలా కనిపించే వంద వాట్ల మార్షల్ యాంప్లిఫైయర్లకు ఆ పోరు ఒక ముఖ్య కారణం. ఇక వాయించే పద్ధతి చూడండి. మామూలుగా డ్రమ్స్, బేస్ తాళం పడితే గిటార్ పైన స్వైరవిహారం చేస్తుంది. ఇక్కడంతా తలకిందులు. కీత్ మూన్ డ్రమ్స్ తాళం పట్టే రకం కాదు, పాట పొడవునా ఎదురు మాట్లాడుతూనే ఉంటాడు. ఎంట్విసిల్ బేస్‌తో లీడ్ గిటార్ పని చేస్తాడు. తాళం నిలబెట్టే బాధ్యత టౌన్‌షెండ్ గిటార్ మీద పడుతుంది. వీటన్నిటి మీదుగా వినబడాలి కాబట్టి రోజర్ డాల్ట్రీ గొంతు చించుకోవడం నేర్చుకున్నాడు. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయం భోజనశాలలో చేసిన కచేరీ రికార్డు వింటే నలుగురూ నాలుగు దిక్కులకు లాగుతున్నా బండి ఎలా ముందుకు పోతోందా అనిపిస్తుంది.

1967 డిసెంబరులో వచ్చిన ద హూ సెల్ అవుట్ నాకు మరీ ఇష్టం. ఆ ఏడాది ఆగస్టులో బ్రిటన్ ప్రభుత్వం చట్టం తెచ్చి, సముద్రంలో ఓడల మీద నుంచి పాటలు ప్రసారం చేసే పైరేట్ రేడియోల నోరు నొక్కింది. వీళ్లు ఆల్బమ్‌నే ఒక పైరేట్ రేడియో కేంద్రంలా మలిచారు. పాటకూ పాటకూ మధ్య స్టేషన్ ప్రకటనలు, ఉత్తుత్తి వ్యాపార ప్రకటనలు. అట్ట మీద డాల్ట్రీ టమాటా రసంలో ఊరిన బీన్స్ నిండిన తొట్టెలో కూర్చుని ఉంటాడు. (వీళ్ల టామీ ఆల్బమ్ మీద వచ్చిన 1975 నాటి సినిమాలో టీవీలోంచి అవే బీన్స్ ధారగా వచ్చి నటి ఆన్ మార్గరెట్‌ను ముంచెత్తుతాయి. ఈ బ్యాండ్‌కూ ఆ బీన్స్‌కూ ఏ జన్మలోని రుణమో!) సినిమా లేదు, పుస్తకం లేదు, ఒక్క గ్రామఫోన్ రికార్డులోనే మరో మాధ్యమాన్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదనే నా అభిప్రాయం.

టామీకి మాత్రం దక్కాల్సిన దానికన్నా ఎక్కువే దక్కింది. 1969 మేలో వచ్చిన ఈ రెండు రికార్డుల రాక్ ఒపెరా, అంటే పాటలతోనే ఒక కథ చెప్పే ఆల్బమ్, బ్యాండ్‌ను అప్పుల్లోంచి లాగి ఆకాశంలో నిలబెట్టింది. అద్దంలో ఒక ఘోరాన్ని చూసి చూపు, మాట, వినికిడి మూడూ మూసుకుపోయిన కుర్రాడు పిన్‌బాల్ అనే యంత్రపు బంతాటలో మొనగాడై, ఆపైన లోకగురువై, చివరికి శిష్యుల చేతిలోనే భంగపడే కథ. ఆ పిన్‌బాల్ కూడా మొదట కథలో లేదు. నిక్ కోన్ అనే విమర్శకుడికి ఆ ఆటంటే పిచ్చి. అతడికి నచ్చేలా చివర్లో ఇరికించిన పాటే అన్నిటికన్నా పెద్ద హిట్టయింది. మహత్తర సృజనాత్మక దృక్పథం అంటూ పెద్ద మాటలు వాడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

1970 జూన్‌లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో టామీ ఆడింది. కెనడా బృందం బ్యాలే చేసింది. 1972లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు వచ్చింది. 1975లో కెన్ రసెల్ సినిమా తీశాడు. 1993లో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వే ఎక్కి అయిదు టోనీ నాటక అవార్డులు కొట్టింది. నన్నడిగితే ఆర్కెస్ట్రా రికార్డు ఉబ్బరం, సినిమా సగం అద్భుతం సగం గోల. అసలు టామీ ఎక్కడుందంటే ఏ సెట్టింగూ లేకుండా నలుగురు మనుషులు, మూడు వాయిద్యాలతో వేదిక మీద ఉంది.

ఇక్కడ మనవాళ్లకు బాగా తెలిసిన పేరొకటి చెప్పాలి. టామీ అట్ట మీద మెహెర్ బాబాను అవతార్‌గా స్మరించారు. అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) దగ్గర మెహెరాబాద్‌లో సమాధి ఉన్న, 1925 నుంచి చివరివరకూ మౌనం పాటించిన ఆ బాబాయే. 1950లలో ఆయన కోస్తా ఆంధ్రలో పర్యటించారు. కొవ్వూరు, రాజమండ్రి వైపు ఆయన భక్తుల కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. ఆ ఇళ్ల గోడల మీద చిరునవ్వుతో కనిపించే ఆయనే ద హూ పాడిన బాబా ఓరైలీ పాట పేరులో ఉన్న బాబా అని ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. అమెరికా క్రీడా మైదానాల్లో అది మోగుతుంటే ఊగిపోయేవాళ్లకూ తెలిసి ఉండదు. పేరులో రెండో సగం అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీది. టౌన్‌షెండ్‌ది అభిమాన నటుడి ఫొటో పెట్టుకునే తరహా భక్తి కాదు. మాట్లాడని గురువు లోకానికి ఏమి వినిపిస్తాడు అన్న ప్రశ్న టామీ నుంచి లైఫ్‌హౌస్ దాకా అతణ్ని తరుముతూనే ఉంది.

ఇప్పుడు లైఫ్‌హౌస్. కథ ఇది. కాలుష్యంతో పాడైపోయిన రేపటి బ్రిటన్. జనం ఒంటికి ఒక రకం దుస్తులు తొడుక్కుని గ్రిడ్ అనే వ్యవస్థకు కలిపి ఉంటారు. తిండి, వినోదం, అనుభవాలు అన్నీ దాని గుండానే అందుతాయి. ఆ గ్రిడ్ ప్రభుత్వం చేతిలో ఉంది. సంగీతం మరుగున పడిపోయింది. ఒకడు జనాన్ని ఒకచోటికి పిలిచి కచేరీ పెడతాడు. వచ్చిన ప్రతి ఒక్కరి స్వభావం నుంచీ ఒక సంగీతం పుట్టి, అన్నీ కలిసి ఒకే స్వరమై, ఆ స్వరంలో అందరూ మాయమైపోతారు. 1971 నాటికి ఇది చెబితే ఎగాదిగా చూశారు. ఇంట్లో కూర్చుని తెరకు అతుక్కుని అనుభవాలను డౌన్‌లోడ్ చేసుకునే మనకు ఇందులో అర్థంకానిది ఏముందో చెప్పండి.

టౌన్‌షెండ్ దీన్ని రాసి ఊరుకోలేదు. లండన్‌లో యంగ్ విక్ నాటకశాలను తీసుకుని, మామూలు జనాన్ని లోపలికి పిలిచి, వాళ్లతో కలిసి సంగీతం తయారుచేసి, అదంతా సినిమాగా తీయాలనుకున్నాడు. మనుషుల వివరాలను సింథసైజర్లకు, అంటే విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే యంత్రాలకు, అందించి ఒక్కొక్కరికి సంగీతంతో ఒక్కో రూపచిత్రం గీయాలనుకున్నాడు. వచ్చినవాళ్లకు కావలసింది పాత హిట్లు. డాల్ట్రీకి, ఎంట్విసిల్‌కు, మూన్‌కు తల తిరిగింది. లాంబర్ట్ మనసు టామీ సినిమా మీద ఉంది. న్యూయార్క్‌లో మొదలుపెట్టిన రికార్డింగు చెడింది, టౌన్‌షెండ్ మానసికంగా కూలిపోయాడు. ఇందులో అతడి తప్పూ ఉంది. బుర్రలో ఉన్నది ఎదుటివాడికి విప్పి చెప్పడం అతడికి చేతకాలేదు. ఆ రోజుల్లో కంప్యూటర్లు చేయలేని పనిని చేస్తాయని నమ్మాడు.

కానీ చేతికి వచ్చింది చూడండి. బాబా ఓరైలీ మొదట్లో గిరగిరా తిరిగే ఆ స్వరాల వరుస మెహెర్ బాబా జీవిత వివరాలను యంత్రంలో పోస్తే వచ్చిందని ఇప్పటికీ ప్రచారం చేస్తుంటారు. ఆలోచన మాత్రం అదే. చేసింది వేరు. ఇంట్లో వాడుకునే లౌరీ ఆర్గాన్ మీద మరింబా అనే కొయ్య వాయిద్యపు శబ్దమిచ్చే మీట నొక్కి టౌన్‌షెండ్ చేత్తో వాయించాడు. వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్‌లో అదే ఆర్గాన్ శబ్దాన్ని వీసీఎస్-3 సింథసైజర్ గుండా పంపాడు. శ్రుతులు పట్టుకుని ఉంటే చాలు, ఫిల్టర్ తెరుచుకుంటూ మూసుకుంటూ లయను తానే పుట్టిస్తుంది. అప్పటిదాకా రాక్ పాటల్లో సింథసైజర్ అంటే చాలావరకు వింత శబ్దాలు చేసే డబ్బా. దాన్ని పాటకు వెన్నెముకను చేసింది ఈ హూస్ నెక్స్ట్ ఆల్బమే. ప్రతి మనిషిలోంచీ ఒక సంగీతం తీయాలన్న తపన లేకపోతే, ఒక హార్డ్ రాక్ గిటారిస్టు ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆర్గాన్ మీటలతో కుస్తీ ఎందుకు పడతాడు?

ఈ యంత్రం వాయింపును టేపు మీద రికార్డు చేసి వేదిక మీద మోగిస్తే, ఆ టేపు ఎవరి కోసమూ ఆగదు. అందుకే మూన్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని దాంతో సమంగా వాయించాడు. 1978 మేలో షెపర్టన్ స్టూడియోలో చిత్రీకరించిన ప్రదర్శన దొరికితే చూడండి. తాళానికి లొంగనివాడు యంత్రం వెంట పరుగెత్తడం, సింథసైజర్ ఒక్కటే మోగే చోట చీకట్లో లేజర్ కిరణాలు, ఆ తర్వాత డాల్ట్రీ అరుపు. అదే మూన్ చివరి కచేరీ, ఆ సెప్టెంబరులో పోయాడు.

అదే ఆల్బమ్‌లోని బిహైండ్ బ్లూ ఐస్ పాటను ప్రేమలో దెబ్బతిన్న ప్రతివాడూ తన పాటే అనుకుని పాడుకుంటాడు. అది లైఫ్‌హౌస్ కథలోని ప్రతినాయకుడి కోసం రాసింది. కథే లేకపోతే దుర్మార్గుడి లోపలి గొంతు వినిపించే అవసరం ఎవరికి వచ్చేది? సాంగ్ ఈజ్ ఓవర్ పాట చివర జాగ్రత్తగా వినండి. సన్నగా, వెళ్లిపోతూ వెళ్లిపోతూ ఒక వాక్యం వినిపిస్తుంది. అది ఈ పాటలోది కాదు, ఆల్బమ్‌లో లేని ప్యూర్ అండ్ ఈజీలోది. ఆ ఒకే స్వరం గురించిన పాట, మొత్తం కథకు ఇరుసు. కథను పూర్తిగా ఊడ్చేశామనుకున్నవాళ్లు ఆ వాక్యాన్ని మరిచిపోయారు.

1973లో క్వాడ్రోఫీనియా అనే ఆల్బమ్‌తో టౌన్‌షెండ్ మళ్లీ పెద్ద కలే కన్నాడు. వేదిక మీద టేపులు మొరాయించాయి. న్యూకాజిల్‌లో సహనం చచ్చి టౌన్‌షెండ్ టేపుల పరికరాలను పీకి పారేశాడు. ఆ ఆల్బమ్ నుంచి 1979లో మంచి సినిమా వచ్చింది. లైఫ్‌హౌస్‌నూ వదల్లేదు. 1999లో బీబీసీ రేడియో నాటకమైంది. 2007లో ఎవరి వివరాలిస్తే వాళ్లకు సంగీతంతో ఒక రూపచిత్రం తయారుచేసే వెబ్‌సైటు పెట్టాడు. 2023లో బొమ్మల నవలగా వచ్చింది. యాభై ఏళ్లు ఒకే కలను మోసినవాణ్ని వెక్కిరించేముందు ఒక్క క్షణం ఆగాలి కదా?

ఈ వెక్కిరింపు మీద ఇంత కోపం ఎందుకంటే, దాని నీడలో ఇంకో రోగం పెరుగుతోంది. ఈనాడు కొత్త హార్డ్ రాక్ బ్యాండ్లు కొన్ని మొదటి పాట సరిగా కుదరకముందే 'మా ప్రపంచం' అంటూ కామిక్కులు, పాత్రల ముసుగులు, రహస్య సంకేతాల వీడియోలు అమ్మకానికి పెడుతున్నాయి. మన సినిమాల్లో ప్రతి దర్శకుడికీ ఒక యూనివర్స్ కావలసి వచ్చినట్టే. దాన్ని చూసి, 'అందుకే బ్యాండ్లకు కథలు వద్దు' అంటూ లైఫ్‌హౌస్‌ను సాక్ష్యానికి లాగుతారు. రెండూ ఒకటి ఎలా అవుతాయి? అక్కడ ఉన్నది అమ్మకం ప్రణాళిక. ఇక్కడ ఉన్నది శ్రోతను పాటలోకి ఎలా రప్పించాలో తెలియక మనిషి పడ్డ యాతన. ఆ యాతన పాటల్లో వినబడుతుంది.

హూస్ నెక్స్ట్‌లో ఉన్నవి తొమ్మిది పాటలు. బ్రిటన్‌లో ఈ బ్యాండ్‌కు మొదటి స్థానం తెచ్చిన ఆల్బమ్ ఇదొక్కటే. అందులో ఎనిమిది లైఫ్‌హౌస్‌వి. ఆ పథకం వట్టి పిచ్చి అనేవాళ్లు ఆ ఎనిమిదీ తీసేసి వినాలి. మిగిలేది ఎంట్విసిల్ రాసిన మై వైఫ్. మంచి పాటే, నాకూ ఇష్టమే. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది.