జాయినింగ్ ఫైలు వారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ జాయినింగ్ ఫైలు గారికి,

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల రిసెప్షన్ వాళ్లు రాసుకునేది ఏమనగా, ఉభయకుశలోపరి. మా కౌంటర్లో కొత్తగా ఉద్యోగానికి చేరిన పిల్లోడి కుశలం మాత్రం చెప్పలేం. పొద్దున తొమ్మిదింటి నుంచి మీ ముందు కూర్చుని సంతకాలు పెడుతున్నాడు.

ఆధార్, పాన్, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్కు నాలుగూ ఒకే మనిషివంటే మీరు ఒక పట్టాన నమ్మరు. ఒకదాంట్లో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది, పాస్‌బుక్కులో ఒక్క పొడి అక్షరమై మిగులుతుంది. సాయికుమార్ ఒకచోట కలిసుంటాడు, మరోచోట విడిపోతాడు. ఈ తగువు ఉద్యోగం ఖాయం చేసిన రోజే తీరాలి సామీ. నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదివితే పది నిమిషాల పని. పీఎఫ్ నంబరు పుట్టేది ఆధార్ పేరు మీదే గనక మిగతావి దాని దారికి రావాలి. ఆధారే తప్పయితే దిద్దించుకోవచ్చు గానీ, పేరు మార్పుకు జన్మకి రెండే అవకాశాలు. మీరు ఈ సంగతంతా మొదటి జీతం ఆగినాక చెబుతారు.

మీ పదకొండో నంబరు ఫారం ‘ఇంతకుముందు పీఎఫ్ ఉందా’ అంటుంది. ‘లేదు సార్’ అంటాడు. అబద్ధం కాదు, తెలీదు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టరు కింద రెండు నెలలు చేసుంటాడు, యూఏఎన్ అనే 12 అంకెల పీఎఫ్ నంబరు అప్పుడే పుట్టుంటుంది. మనిషికి ఒకటే నంబరు, రెండోది ఉండకూడదు. ‘ముందు ఎక్కడ చేసినావప్పా, జీతంలో ఏమైనా పట్టుకున్నారా’ అంటే నిజం బయటికొస్తుంది. నిజంగానే కొత్తవాడైతే, 2025 ఆగస్టు నుంచి ఆ నంబరు కోసం ఉమంగ్ అనే ప్రభుత్వ యాప్‌కి మొహం చూపించాలి. తమరు కాపురముండే మెట్లకింది గదిలో ఏ మొహమూ ఏ యాప్‌కీ ఆనదు. వాకిట్లోకి పంపండి.

జీతం దగ్గర మీ మౌనం మరీ ముద్దొస్తుంది. 16,000 అన్నారు. బేసిక్ 12,000 మీద పీఎఫ్ 12 శాతం, 1,440. మొత్తం 16,000 మీద ఈఎస్‌ఐ వైద్య బీమాకి 0.75 శాతం, 120. వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 14,290. చేరకముందే చీటీ మీద రాసిస్తే అయిపోయేది. మీరు దాన్ని పద్నాలుగో పేజీలో దాస్తారు. ఒకటో తారీఖున బ్యాంకు మెసేజి చూసి, 1,710 ఎవరో మింగేశారనుకుని, రెండో తారీఖున పిల్లోడు రాడు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల గురించి ఒక్క మాట. కొండమీద హుండీలో వేసింది ఎవరూ తిరిగి అడగరు. మీ బీరువాలో వేసింది అడిగినా రాదు. జిరాక్సు చూసి, ఒరిజినల్‌తో పోల్చి, అక్కడికక్కడే చేతికిచ్చేయడానికి ఏం నొప్పి?

ఇంతా చేసి సాయంత్రం కౌంటర్లో నిలబెడతారు. మొదటి యాత్రికుడే ‘సర్వదర్శనం టోకెన్లు ఎక్కడిస్తారు బాబూ’ అంటాడు. విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్. ఈ మూడు పేర్లు మీ కట్టలో ఎక్కడా లేవు. విదేశీయుడు దిగితే 24 గంటల్లోపు ఆ వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్లో పంపాలని లేదు. సుప్రభాతానికి పోయేవాళ్లు అర్ధరాత్రి వేడినీళ్లంటే ఏ వాల్వు తిప్పాలో లేదు. చెకౌట్ దిగిన గంట నుంచి లెక్కా, మధ్యాహ్నం పన్నెండుకా? కౌంటరు దగ్గర సగం గొడవలు దీనిమీదే, అదీ లేదు. ‘మా సంస్థ ఆశయాలు’ మాత్రం రెండు పేజీలున్నాయి, అదీ ఎవరిదో సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు చెరపకుండా.

ఇట్లు,
కౌంటరు ఇవతలి వాళ్లు

తా.క. ఆరు పాస్‌పోర్టు ఫొటోలు అడిగారు, రెండు అతికించారు. మిగతా నాలుగూ క్లిప్పు తుప్పు మరకతో మీ అట్టలోనే ఉన్నాయి. తొందరేం లేదు. పిల్లోడు ఈపాటికి పక్క లాడ్జీలో ఇంకో ఆరు ఇచ్చుంటాడు.